దరఖాస్తులో గడి ఎవరు గీస్తున్నారు?

రెండేళ్ల క్రితం పోడు భూముల వివరాలు సేకరించే పని మీద భద్రాచలం వైపు గూడేలు తిరుగుతున్నప్పుడు మా చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. నిధులిచ్చే సంస్థ ఒకటి తయారు చేయించిన సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. తెర మీద మొదటి గడి ‘కుటుంబ యజమాని పేరు’. అందులో ఒక్క పేరే పడుతుంది. భార్య పేరు రాయాలంటే కిందికి జరుపుకుంటూ పోయి, పిల్లలతోనూ ముసలివాళ్లతోనూ కలిపి ‘ఇతర సభ్యులు’ అనే చోట రాయాలి. మాతో వచ్చిన కోయ కార్యకర్త ఆ తెర వంక కాసేపు చూసి, “అక్కా, పట్టాలో మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లూ ఉండాలని మీరే కదా మాకు చెప్పింది. మరి ఈ గడి ఎవరు గీశారు?” అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. “పట్నంలో ఎవరో ఇంజనీర్లు” అన్నాను. మార్చమని కబురు పంపాము. మార్చాలంటే కాంట్రాక్టు మళ్లీ రాసుకోవాలని జవాబు వచ్చింది. సర్వే ముగిసినా ఆ మార్పు రాలేదు. ఆ కార్యకర్త మాత్రం తన నోటు పుస్తకంలో పక్కపక్కనే రెండు గళ్లు గీసుకుని రెండు పేర్లూ రాసుకుంటూ వచ్చింది. చివరికి మాకు పనికి వచ్చింది ఆ పుస్తకమే.

2006 నాటి అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ నాలుగో ఉపసెక్షన్‌లో ఈ విషయం స్పష్టంగానే ఉంది. పెళ్లయిన వారికి హక్కు భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా నమోదు కావాలి. ఒంటరి వ్యక్తే కుటుంబాన్ని నడుపుతుంటే ఆ ఒక్కరి పేరున నమోదు కావాలి. అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడో వంతు స్త్రీలుండాలనీ, గ్రామసభకు హాజరైన వారిలో కనీసం మూడో వంతు స్త్రీలు కావాలనీ నిబంధనలు చెబుతున్నాయి. చట్టంలో ఇన్ని మాటలు రాయించుకోవడానికి ఎన్నేళ్ల పోరాటం పట్టిందో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. అంత కష్టపడి సాధించుకున్న మాట, ఒక తెర మీద ఒక గడి తక్కువైనందువల్ల, చడీ చప్పుడూ లేకుండా జారిపోతోంది. దీనికి వ్యతిరేకంగా ధర్నా చేద్దామన్నా ఎవరి ఆఫీసు ముందు చెయ్యాలో తెలియదు.

అందుకని ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇది: స్త్రీల సంఘాలు తమ రిజిస్టర్లను, సర్వే ఫారాలను, కేసుల నమోదును కంప్యూటరులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్‌ను తామే రాసుకోవడం మొదలుపెట్టాలి. కనీసం అది ఎలా తయారవుతుందో తెలిసినవారు ప్రతి జిల్లాలోనూ మనలో కొందరైనా ఉండాలి. ఇందులో భాగంగా మేం ఆరుగురం కొత్తగూడెంలో ఒక చిన్న గది తీసుకుని, మూడు లాప్‌టాప్‌లతో ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవడం మొదలుపెట్టాము. మాలో ఎవరమూ ఇంజనీర్లం కాము. ఆ అనుభవంలోంచి వచ్చిన ఆలోచనలివి.

ఖమ్మం జిల్లాకు ఫారాలతో ఉన్న గతం

ఫారం చిన్న విషయమని ఎవరికైనా అనిపిస్తే 2009ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు సంబంధించిన హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ‘ప్రదర్శక ప్రాజెక్టు’ అది. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత బాలికలు. కొందరు బాలికల మరణాలు వెలుగులోకి వచ్చాక, స్త్రీల ఆరోగ్య సంఘాలు ఆందోళన చేశాక, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని ప్రభుత్వ విచారణ సంఘం అభిప్రాయపడింది. అయితే అనుమతి పత్రాల సంగతిని ఎవరూ కొట్టిపారెయ్యలేకపోయారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో చెప్పిన లెక్క ప్రకారం, ఇక్కడ పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు.

ఆ పత్రంలో సంతకానికి ఒక గడి ఉంది. దాన్ని ఎవరు నింపాలన్నది ఆ గడి గట్టిగా అడగలేదు. తల్లికి విషయం చెప్పారా, ఏ భాషలో చెప్పారు, ఆమె వద్దంటే ఏం చేస్తారు అన్నవాటికి గళ్లే లేవు. గడి నిండింది కనుక అనుమతి ఉన్నట్టే లెక్క. ఇవాళ అదే పని కాగితం మీద కాక తెర మీద జరుగుతోంది. కాగితం మీదైతే అంచున ఏదో ఒకటి రాసుకునే ఖాళీ ఉండేది. తెరకు అంచు కూడా లేదు. గడి నింపకపోతే తరువాతి పేజీకి పోనివ్వదు.

ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటి?

గుంజలు నాటి, దూలం వేసి, వాసాలు పరిచి ఉంచిన పాకను ఊహించుకోండి. తడికలు ఎక్కడ కట్టాలి, తలుపు ఎటు పెట్టాలి, పొయ్యి ఎక్కడ వెయ్యాలి అన్నది ఉండబోయేవాళ్ల ఇష్టం. వెబ్ ఫ్రేమ్‌వర్క్ అటువంటిది. లోపలికి ఎవరు రావచ్చో చూడడం, పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచడం, నమోదులను పట్టికల్లో పెట్టడం వంటివి ప్రతివారికీ కావలసిన పనులు. అవి అందులో ముందే చేసి ఉంటాయి. మనకు ప్రత్యేకమైనవి మాత్రం మనం రాసుకోవాలి.

మేం ఎంచుకున్నది పైథాన్ భాషలో రాసిన జాంగో. దీని పుట్టుక మనవంటి వారికి కొంత ధైర్యమిస్తుంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే చిన్న ఊళ్లో, ఒక స్థానిక దినపత్రిక ఆఫీసులో, వార్తల గడువులు అందుకోవడానికి ఇద్దరు యువకులు 2003లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. 2005 జులైలో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 2014లో ఇద్దరు పోలిష్ యువతులు బెర్లిన్‌లో ‘జాంగో గర్ల్స్’ పేరున స్త్రీల కోసం ఒక శిబిరం పెట్టారు. ఏమీ తెలియనివారు ఒక్క రోజులో ఒక చిన్న వెబ్‌సైటును నిలబెట్టే పాఠం రాశారు. అది ఉచితం. ఆ తరువాత అనేక దేశాల్లో అటువంటి శిబిరాలు జరిగాయి. వేరే ఫ్రేమ్‌వర్క్‌లూ ఉన్నాయి. ఏది మంచిదన్న చర్చతో నెలలు గడపడం కొత్తవారికి అనవసరం. చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నదీ, పాఠాలు దొరికేదీ, డబ్బు కట్టనక్కర లేనిదీ అయితే చాలు.

ఏజెన్సీలో పనిచేసేవారికి ఇంకొక సౌకర్యం ఉంది. ఒకసారి లాప్‌టాప్‌లోకి దించుకున్నాక, నేర్చుకోవడానికి ఇంటర్నెట్ అక్కర లేదు. మన కంప్యూటరే సర్వరుగా పనిచేస్తుంది. బ్రౌజరులో 127.0.0.1:8000 అని కొడితే మన పేజీ మనకే కనిపిస్తుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన ఊళ్లలో ఇది చిన్న విషయమేమీ కాదు.

మొదటి పాఠంలో భయపెట్టేది నల్ల తెర. దాని మీద ఇంగ్లీషులో ఆజ్ఞలు టైపు చెయ్యాలి. ఒక్క చుక్క తప్పినా ఎర్ర అక్షరాలు బారులు తీరుతాయి. మొదటి రోజు మాలో ఇద్దరు దాదాపు ఏడ్చారు. తప్పు తమదేననుకోవడం చిన్నప్పటి నుంచీ ఆడపిల్లలకు అలవాటు చేసిన విషయం. ఆ ఎర్ర అక్షరాల్లో చివరి వరుస ముందు చదవాలనీ, ఏం తప్పిందో చాలాసార్లు అక్కడే ఉంటుందనీ తెలిశాక భయం తగ్గింది. ప్రతి పనికీ విడిగా ఒక ‘వర్చువల్ ఎన్విరాన్‌మెంట్’ పెట్టుకోవాలని పాఠంలో ఉంది. ఎందుకో ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి ఒకామె, “వేరు కుంపటి పెట్టుకోవడం అన్నమాట. ఒక దాని ఉప్పు ఇంకో దాంట్లో పడకుండా” అంది. ఆ మాటతో అందరికీ తెలిసిపోయింది.

అసలు పాఠం పట్టికల్లో ఉంది

రెండో రోజు ‘మోడల్’ దగ్గరకు వచ్చాము. మోడల్ అంటే మనం ఏ విషయాల్ని నమోదు చెయ్యదలచుకున్నామో, వాటికి ఒకదానితో ఒకటి ఏ సంబంధమో కంప్యూటరుకు చెప్పడం. ఇక్కడి నుంచి పరిస్థితి తారుమారైంది. పైథాన్ త్వరగా పట్టుబడిన అమ్మాయి కంటే, ఇరవై ఏళ్లుగా గూడేలు తిరుగుతున్న కార్యకర్త మాటలే ఎక్కువ అవసరమయ్యాయి.

మొదటిది ఊరు. ‘జిల్లా’ అని ఒక గడి పెట్టబోయాము. ఆమె ఆపింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు 2014 వరకు ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు పేరున ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌కు, తూర్పు గోదావరికి పోయాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఇటువైపు వెంకటాపురం, వాజేడు 2016లో ఖమ్మం నుంచి భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగుకు మారాయి. మళ్లీ మారవని ఎవరు హామీ ఇస్తారు? ఊరు కదలలేదు. ఆ ఊరి స్త్రీ పెట్టుకున్న దరఖాస్తు మాత్రం రెండు రాష్ట్రాలు, మూడు కలెక్టరాఫీసుల మధ్య తిరిగింది. జిల్లా పేరు ఒక్క గడిలో పెట్టి, మారినప్పుడల్లా పాతది చెరిపేస్తే ఈ చరిత్ర పోతుంది. అందుకని ఊరికి ఒక పట్టిక, ఆ ఊరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక మరొకటి పెట్టాము. ఇది ఆమె నిర్ణయం.

రెండోది ఖాళీ. జాంగోలో మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ఫారంలో గడి తప్పనిసరి. ఆధార్ నంబరు అని గడి పెట్టి ఊరుకుంటే, ఆధార్ లేని స్త్రీ నమోదు కాదు. ఆమె గోడు వినిపించవలసిన చోటనే ఆమె లేకుండా పోతుంది. ఖాళీగా ఉండవచ్చునని మనమే రాయాలి. ఇంకా ముందుకు పోయి, ఎందుకు ఖాళీ అన్నది కూడా అడగవచ్చు. లేదా, పోయిందా, ఇవ్వనన్నారా, భర్త దగ్గర పెట్టుకున్నాడా?

మూడోది తుడిచివేత. ఒక పట్టికలోని నమోదును ఇంకొక దానికి ముడిపెట్టినప్పుడు, మొదటిది తీసేస్తే రెండోది ఏం కావాలన్న ప్రశ్న వస్తుంది. స్త్రీ నమోదును ‘కుటుంబ యజమాని’కి ముడిపెట్టామనుకోండి. అతని నమోదు తొలగిస్తే ఆమెది కూడా తుడిచిపెట్టుకు పోవాలా, ఆగాలా, సంబంధం మాత్రం తెగాలా? జాంగోలో ఈ మూడింటికీ వీలుంది. 2017 డిసెంబరులో వచ్చిన 2.0 వరకు మనం ఏమీ చెప్పకపోతే, ఒకదాని వెంట రెండోదాన్ని తుడిచివెయ్యడమే దాని సొంత నిర్ణయంగా ఉండేది. ఆ తరువాత, ఏం చెయ్యాలో రాసేవారే చెప్పి తీరాలన్న నియమం పెట్టారు. ఈ సంగతి విని మా గదిలో పెద్ద చర్చ జరిగింది. భర్త పోతే భార్యకు రేషన్ కార్డు నుంచి పట్టా దాకా ఏం జరుగుతుందో అందరూ చూసినవారే. చివరికి స్త్రీ నమోదు తన కాళ్ల మీద తాను నిలబడేటట్టు, కుటుంబమే వ్యక్తులకు ముడిపడేటట్టు రాశాము. పట్టాకు హక్కుదారులు ఒక్కరే ఉండాలన్న నియమం తీసేశాము. నాలుగో సెక్షన్ చెప్పిన ఉమ్మడి పేర్లకు ఇప్పుడు చోటు ఉంది.

పట్టికల నిర్మాణంలో మనం చేసిన ప్రతి మార్పునూ జాంగో వరుస నంబరు వేసి ఫైలుగా దాచుకుంటుంది. దాన్ని ‘మైగ్రేషన్’ అంటారు. మా ప్రాంతంలో వలస అన్న మాటకు అర్థం వేరు కనుక, మేం దాన్ని తీర్మానాల పుస్తకం అన్నాము. ఎప్పుడు ఏ గడి చేర్చామో, ఏది తీసేశామో అందులో ఉంటుంది. గ్రామసభ పుస్తకం లాగా ఎవరైనా తిరగేసి అడగవచ్చు.

వచ్చే అభ్యంతరాలు

“ఇంజనీరును పెట్టుకోవచ్చు కదా?” అని మిత్రులు అడిగారు. పెట్టుకోవచ్చు. డాక్టరు, వకీలు అవసరమైనట్టే ఇంజనీరూ అవసరం. అయితే స్త్రీల ఉద్యమం తన శరీరం గురించి, చట్టం గురించి కొంత తానే తెలుసుకున్నాక డాక్టరుతో, వకీలుతో మాట్లాడే తీరు మారింది. ఇక్కడా అంతే. మోడల్ చదవడం వచ్చిన కార్యకర్త, “ఈ గడి మార్చడం కష్టం” అని ఎవరైనా అన్నప్పుడు, ఎంత కష్టమో చూపించమని అడగగలదు.

“ఎక్సెల్ చాలదా?” అన్నది రెండో ప్రశ్న. యాభై నమోదులకు చాలు. అంతకన్నా నోటు పుస్తకం ఇంకా మేలు. అనేకమంది వేర్వేరు చోట్ల నుంచి రాస్తున్నప్పుడు, ఎవరు ఏది చూడవచ్చో వేరు చెయ్యవలసి వచ్చినప్పుడు మాత్రం అది చాలదు.

“భాష మాట ఏమిటి?” అన్నది అన్నిటికన్నా న్యాయమైన అభ్యంతరం. పాఠాలన్నీ దాదాపు ఇంగ్లీషులో ఉన్నాయి. జాంగో తెరలకు తెలుగు అనువాదం ఉన్నా అది అసంపూర్ణం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో మెసేజీ సాఫ్ట్‌వేర్ కుప్పకూలిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీ కొద్ది రోజుల్లో సరిచేసింది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరాన్ని ఆ యంత్రం మొయ్యలేకపోయింది! మన భాషలు వారి పరీక్షల్లో చివర ఉంటాయన్నమాట. కోయ భాష మరీ వెనక ఉంది. కాబట్టి ఇంగ్లీషు వచ్చేదాకా ఆగుదామనడం కంటే, నేర్చుకున్న పాఠాన్ని వెంటనే తెలుగులో రాసి పక్కవారికి ఇవ్వడం మంచిది. మేం రాసుకున్నది ఇప్పటికి నలభై పేజీలయింది.

ఏం పెట్టకూడదు?

నేర్చుకున్న ఉత్సాహంలో మనం చెయ్యగల పెద్ద తప్పు ఒకటి ఉంది. అది మన దగ్గరకు వచ్చిన స్త్రీల వివరాలన్నీ తీసుకుపోయి ఇంటర్నెట్‌లో పెట్టడం. గృహహింస నుంచి పారిపోయి వచ్చిన స్త్రీ ఎక్కడ ఉందో, 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయల గుంపు ఏ అడవిలో ఉందో చెప్పే నమోదు తప్పు చేతుల్లో పడితే, వారిని అక్కడి నుంచి తరిమివెయ్యడానికి అదే దారి చూపుతుంది. ట్యాబ్‌లు గర్వంగా పట్టే జీపీఎస్ గుర్తులు ఇటువంటివే. నేర్చుకునేటప్పుడు కల్పిత పేర్లే వాడాలి. ‘డీబగ్’ అనే మీట తెరిచి ఉంచి వెబ్‌సైటును బయటపెడితే, తప్పు జరిగినప్పుడల్లా లోపలి వివరాలు దారినపోయేవారికి కనిపిస్తాయి. దాన్ని మూసివెయ్యడం, నకళ్లు భద్రపరచడం, లాప్‌టాప్ పోతే ఏం చెయ్యాలో ముందే అనుకోవడం వచ్చేదాకా నిజమైన పేర్లు కాగితం మీదే ఉండాలి. కొన్ని వివరాలు ఎప్పటికీ కాగితం మీదే ఉండాలి. మరికొన్ని అసలు రాయనే కూడదు.

వ్యక్తిగత సమాచార పరిరక్షణకు 2023లో వచ్చిన చట్టం అనుమతి అడగాలంటుంది, ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవచ్చునంటుంది. అడిగే నోటీసు ఇంగ్లీషులోగానీ ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలుండాలంటుంది. కోయ ఆ షెడ్యూలులో లేదు. కాబట్టి చట్టం అడిగిన దానికంటే ఎక్కువ మనం చెయ్యవలసి ఉంది. మా ఫారంలో అనుమతికి నాలుగు గళ్లున్నాయి: ఏ భాషలో చెప్పాము, ఎవరు చెప్పారు, ఆమె ఏమంది, ఎప్పుడు వెనక్కు తీసుకుంది. 2009లో ఇదే జిల్లాలో ఈ గళ్లు ఉండి ఉంటే వార్డెన్ సంతకంతో పని నడిచేది కాదు.

ఈ సంచిక చదివే సంస్థలను నేను కోరేది పెద్దదేమీ కాదు. మీరు ఇప్పుడు వాడుతున్న ఫారం ఒకటి తీసుకోండి. ఊళ్లో పనిచేసే కార్యకర్తలు నలుగురిని కూర్చోబెట్టి, ఒక్కొక్క గడి దగ్గరా ఆగి, ఇది ఎవరికి అవసరం, దీనివల్ల ఎవరు బయట మిగిలిపోతున్నారు అని అడగండి. ఆ చర్చ కాగితం మీద రాసి పెట్టండి. అప్పుడు ఇద్దరిని ఎంచి, వారికి ఒక లాప్‌టాప్, వారానికి రెండు రోజుల సమయం ఇవ్వండి. ఆ రెండు రోజులు జీతం కోత లేకుండా, ఇంటిపని మిగిలాక దొరికే అర్థరాత్రి గంటలు కాకుండా ఇవ్వండి. ఆ ఇద్దరిలో ఒకరు ఇంగ్లీషు వచ్చినవారైనా, రెండోవారు మాత్రం గూడెం తెలిసినవారై ఉండాలి. మూడు నెలల్లో మీ ఫారం మీ కంప్యూటరులో కనిపిస్తుంది. అందంగా ఉండకపోవచ్చు.

మా ఫారం కూడా అందంగా లేదు. ట్యాబ్ దగ్గర నన్ను నిలదీసిన కార్యకర్తే మొన్న దాన్ని తెరిచి, హక్కుదారుల కింద రెండు కల్పిత పేర్లు రాసి చూసుకుంది. తరువాత, “అక్కా, పెళ్లయినా ఇంటిపేరు మార్చుకోని వాళ్లకు గడి ఎక్కడ?” అని అడిగింది. అది ఇంకా పెట్టలేదు. ఎలా పెట్టాలో ఇప్పుడు ఆమెకు తెలుసు.